ఖాళీ జాగాకు కాపలా

ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వెనక వరసల్లో కూర్చున్న మాలీలు ముందుకు రావచ్చు. ఈరోజు మాట్లాడేదంతా మీ పని గురించే.

ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆయన నాకు పై అధికారి. ఆయన పేరు ఎత్తగానే అందరూ ఆయన నాటించిన చెట్ల గురించే చెబుతారు. నాటించారు, నిజమే. ఆయన కింద పనిచేసిన మాకు మాత్రం గుర్తున్నది ఇంకొకటి. ఆయన ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం ఫైళ్ళ మీద ‘ఈ స్థలంలో వీలుపడదు’ అని రాయడంలోనే గడిచిపోయింది. ఆ పనికి శిలాఫలకం ఉండదు, రిబ్బను కత్తిరింపు ఉండదు, పత్రికలో ఫొటో రాదు. పైగా అవతల ప్రతిసారీ ఒక మనిషి మొహం మాడుతుంది. పార్కుల శాఖను నడపడమంటే ముఖ్యంగా ఆ పనే అని నా అభిప్రాయం. దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన 12వ షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో 12వ అంశం. మిగతావాటిని ఒకసారి చదవండి: రోడ్లు, మంచినీరు, ప్రజారోగ్యం, అగ్నిమాపకం, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, బందెలదొడ్లు, బస్టాపులు, పార్కింగ్ స్థలాలు, కబేళాలు. దాదాపు ప్రతిదానికీ జాగా కావాలి. ఊరి నడిబొడ్డున జాగా కొనాలంటే డబ్బు ఉండదు, సేకరించాలంటే కోర్టు కేసులు. అప్పుడు అందరి చూపూ 12వ అంశం మీదికే మళ్ళుతుంది. అక్కడ భూమి ఉంది, అది సర్కారుదే, చూడబోతే ‘ఖాళీ’గానే ఉంది.

పార్కు జాగాను అడగడానికి వచ్చేవాడు దొంగలా రాడు. ఈ సంగతి కొత్తగా ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు మొదట తెలుసుకోవాలి. నకిలీ దస్తావేజులు పట్టుకొచ్చే కబ్జాదారుతో వ్యవహారం తేలిక. అతను శత్రువని అందరికీ తెలుసు, పోలీసుకూ తెలుసు. కష్టమంతా మంచివాళ్ళతోనే. నీళ్ళ బోర్డు వాళ్ళు ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఒక మూల అడుగుతారు. బస్తీకి దవాఖానా కావాలి. అంగన్‌వాడీ అద్దె ఇంట్లో నడుస్తోంది, పిల్లలు పాపం ఇరుకున ఉన్నారు. కరెంటువాళ్ళకు సబ్‌స్టేషన్ కావాలి, లేకపోతే ఎండాకాలం కోతలు తప్పవంటారు. కాలనీ పెద్దలకు కమ్యూనిటీ హాలు కావాలి. గ్రంథాలయం కావాలి. ఒకరోజు పొద్దున్నే వేపచెట్టు కింద పసుపు రాసిన రాయి కనిపిస్తుంది, మరుసటి ఏడాదికి దానికి రేకుల షెడ్డు పడుతుంది. వీటిలో ఏది చెడ్డపని? ఏదీ కాదు. అన్నిటికీ సరేనంటే పదేళ్ళకు మిగిలేది గేటు మీద పార్కు పేరు, లోపల ఏడు భవనాలు, వాటి మధ్య మోటారు సైకిళ్ళు.

ఈ చిక్కు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటుంది. ఈ శాఖలో చేరే ప్రతివాళ్ళూ చదవాల్సిన తీర్పు. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అనే లేఅవుట్‌లో ఒక స్థలాన్ని పార్కు కోసం కేటాయించారు. 1976లో ముఖ్యమంత్రి స్థాయిలో జరిగిన నిర్ణయంతో ఆ స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆస్పత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. బెంగళూరు మెడికల్ ట్రస్టు వర్సెస్ ముద్దప్ప అన్న పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరి, 1991 జూలైలో తీర్పు వచ్చింది. వాదన ఎంత సహజంగా ఉందో చూడండి: పార్కూ ప్రజల కోసమే, ఆస్పత్రీ ప్రజల కోసమే, ఒకటి తీసి ఇంకొకటి పెడితే తప్పేమిటి? కోర్టు ఒప్పుకోలేదు. ఆస్పత్రి అవసరాన్ని కాదనకుండానే, పార్కు అవసరాన్ని ఆస్పత్రి తీర్చలేదని, ప్రణాళికలో పార్కుగా చూపిన జాగాను ఇలా మార్చే అధికారం ఎంత పైవాళ్ళకైనా లేదని చెప్పి కేటాయింపు రద్దును ఖరారు చేసింది. కోర్టుకు వెళ్ళే హక్కు ఆ ఇళ్ళవాళ్ళకు ఉందని కూడా స్పష్టంగా చెప్పింది. ఈ చివరి ముక్క మన శాఖకు పెద్ద బలం. అధికారిగా మనం అడ్డం చెప్పలేని చోట, పార్కులో రోజూ నడిచే పింఛనుదారు చెప్పగలడు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1999లో, లక్నో కేసు. అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు స్వాతంత్ర్యోద్యమ సభలు జరిగిన చోటు. దాని కింద భూగర్భంలో దుకాణాల సముదాయం కట్టుకోమని అక్కడి నగర మహాపాలికే ఒక బిల్డరుతో ఒప్పందం చేసుకుంది. పైన పార్కు అలాగే ఉంటుంది కదా అన్నది వాళ్ళ సమాధానం. కట్టిన కట్టడాన్ని తీసేసి పార్కును మళ్ళీ పార్కులా చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఒక్కటే: ప్రజల తరఫున ఆ జాగాకు ధర్మకర్తగా ఉండాల్సిన సంస్థే దాన్ని ధారాదత్తం చేయబోయింది. అంటే కాపలా కాయాల్సింది బయటివాళ్ళ నుంచి మాత్రమే అనుకోకూడదు.

మన కుర్చీ నుంచి కూడా కాయాలి. న్యూయార్క్ నగరంలో రాబర్ట్ మోజెస్ 1934 నుంచి 1960 దాకా పార్కుల కమిషనరు. పార్కుల శాఖ అధిపతుల్లో అంత అధికారం చెలాయించినవాడు ప్రపంచంలో ఇంకొకడు ఉండడు. వందలాది ఆటస్థలాలు కట్టించాడు, ఈత కొలనులు తవ్వించాడు. 1956 ఏప్రిల్‌లో అదే మోజెస్, సెంట్రల్ పార్కులో ఒక రెస్టారెంటుకు వచ్చేవాళ్ళ 80 కార్లు నిలుపుకోవడానికి, పిల్లలు ఆడుకునే ఒక పచ్చిక మీదికి బుల్‌డోజర్లు పంపాడు. తల్లులు చంటిపిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చి అడ్డంగా నిలబడ్డారు. పత్రికల్లో ఆ ఫొటోలు వచ్చాయి, విషయం కోర్టుకెక్కింది, మోజెస్ వెనక్కి తగ్గాడు. ఆ చోట పిల్లల ఆటస్థలం వచ్చింది. ఇరవై రెండేళ్ళు పార్కులు కట్టినవాడికి కూడా ఒక పచ్చిక ‘ఖాళీ’గా కనిపించగలదు. ఆ కుర్చీ మహిమ అలాంటిది.

ఇక మన ఊళ్ళ సంగతి. మన దగ్గర పార్కు చచ్చిపోయేది ముందు కాగితం మీద. లేఅవుట్ వేసేటప్పుడు పది శాతం జాగాను ఖాళీగా వదిలి, దాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఇవ్వాలన్నది మన తెలుగు రాష్ట్రాల్లో ఏళ్ళ తరబడి ఉన్న పద్ధతి. ఆచరణలో ఏమవుతుంది? పాత లేఅవుట్లలో చాలావాటికి గిఫ్ట్ డీడే రాయరు. బ్లూప్రింటులో ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది, అంతే. కొన్నాళ్ళకు ‘సవరించిన లేఅవుట్’ ఒకటి పుడుతుంది. అందులో ఆ ఆకుపచ్చ ముక్క మూడు ప్లాట్లుగా మారి ఉంటుంది. గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు వేసిన లేఅవుట్ ఆ తర్వాత మున్సిపాలిటీలో కలుస్తుంది, మున్సిపాలిటీ కార్పొరేషన్‌లో కలుస్తుంది. ఒక్కో విలీనంలో బీరువా ఒకటి మాయం. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కాలనీ విశ్రాంత ఉపాధ్యాయుడెవరో చిరుగులు పడిన ఒరిజినల్ ప్లాను కాపీ పట్టుకుని మన ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాడు. మన దగ్గర లేని కాగితం ఆయన దగ్గర ఉంటుంది! ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి ఆ కాపీని స్కాన్ చేయించుకోవడం శాఖాధిపతి చేయదగిన పనుల్లో మొదటి వరసలోది. హైదరాబాద్‌లో చెరువులు, పార్కుల ఆక్రమణలు తొలగించడానికి 2024లో హైడ్రా అనే సంస్థ ఏర్పడింది. బుల్‌డోజరు అవసరం రాకుండా చేయగలిగిన కాగితం అంతకు చాలా ముందే ఏదో ఒక బీరువాలో ఉండాల్సింది.

కాగితం తర్వాతి చిక్కు, యజమాని ఎవరన్నది. హైదరాబాద్‌నే తీసుకోండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ రాష్ట్ర ఉద్యాన శాఖది. ఇందిరా పార్కు నగరపాలక సంస్థది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కు, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్ నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చేతిలో ఉన్నాయి. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కేబీఆర్ పార్కు అటవీ శాఖది. పొద్దున్నే నడకకు వచ్చే మనిషికి ఈ సరిహద్దులతో పనిలేదు. దీపం వెలగకపోతే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తెలియదు. నగరం మొత్తానికి పచ్చదనం ఎక్కడ ఎంత ఉంది, ఏ బస్తీలో బొత్తిగా లేదు అని ఒకే బల్ల మీద పటం పరిచి చూసే అధికారి ఎవరూ ఉండరు. ఉన్న పార్కుల అందం పెంచే పోటీ మాత్రం శాఖల మధ్య జోరుగా నడుస్తుంది. విశాఖలోనూ నగరపాలక సంస్థకూ నగరాభివృద్ధి సంస్థకూ మధ్య ఇదే పంపకం.

ఇప్పుడు చెట్ల దగ్గరికి వస్తాను. మీరంతా ఎదురుచూస్తున్నది దీని కోసమే అనుకుంటా.

మనకు నాటడం పండగ. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైంది. నాటిన మొక్కల లెక్కలు చూసి అందరూ నవ్వడం మొదలుపెట్టాక చట్టంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నాయి, బాధ్యత పేరు పెట్టి మరీ అప్పగించాయి, పురపాలికల బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలన్నాయి. నాటినదాని నుంచి బతికినదానికి లెక్క మారడం నిజంగా పెద్ద అడుగు. అయితే ప్రతి లెక్కా తనకు అనువైన చెట్టును తనే ఎంచుకుంటుంది. బతకడమే కొలమానమైతే బతికే మొక్కే కావాలి కదా. కొమ్మ గుచ్చితే వేరు పడుతుంది, నీళ్ళు తక్కువైనా ఏడాదికి మనిషి ఎత్తు దాటి ఏపుగా పచ్చగా కనిపిస్తుంది. అదే కోనోకార్పస్. మన డివైడర్ల మీద, కాలేజీ ప్రహరీల వెంట, మున్సిపల్ ఆఫీసుల ముందు ఎక్కడ చూసినా అదే కనిపించసాగింది. అది అరబ్బు, ఆఫ్రికా తీరాల చెట్టు. దాని వేళ్ళు పైపులైన్లలోకి దూరతాయి, పుప్పొడి మీద ఫిర్యాదులు వచ్చాయి. 2022లో తెలంగాణ, మరుసటి ఏడాది గుజరాత్ దాన్ని ఇక నాటవద్దన్నాయి. నాటినవాళ్ళను తిట్టడం నాకు ఇష్టం లేదు. నర్సరీలో ఏది దొరికితే అది, లెక్కలో ఏది నిలబడితే అది నాటారు. తప్పు పట్టాలంటే లెక్కను పట్టాలి.

విశాఖలో కథ ఇంకో దారిలో నడిచింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరంలో పెద్దపెద్ద చెట్లను ఒక్క పూటలో నేలకూల్చింది. మళ్ళీ పచ్చదనం తొందరగా తేవాలన్న ఆత్రంలో రోడ్ల వెంట ఏడాకులపాల మొక్కలు బారులు తీరాయి. చూపుకు అందంగా, గొడుగులా పెరిగే చెట్టది. అక్టోబర్, నవంబర్ నెలల్లో రాత్రిపూట దాని పూల వాసన ఘాటుగా కమ్ముకుంటుంది. ఒక చెట్టయితే ఆ వాసన బాగానే ఉంటుంది. వీధి పొడుగునా అదే అయితే ఊపిరాడటం లేదని జనం ఫిర్యాదులతో వచ్చారు. ఒకే జాతిని వీధి మొత్తం నాటితే మంచి చెట్టు కూడా పీడ అవుతుంది. వేప, కానుగ, నేరేడు, పొగడ, చింత, రావి కలిపి నాటితే ఎదుగుదల ఎగుడుదిగుడుగా ఉండి ఫొటోకు బాగుండదు. ఫొటో కోసం నాటడం మానేస్తే సగం చిక్కులు తీరతాయి.

గాలివానకు చెట్లు కూలడం గురించి కూడా ఒక మాట. ప్రతి ఏడాదీ మే, జూన్ నెలల్లో పత్రికలవాళ్ళు ఫోన్ చేసి ‘మీ చెట్టు పడింది’ అంటారు. చెట్టు మనది, పడేసింది మాత్రం మనం కాదు. కేబుల్ కోసం మొదలుకు ఒక పక్కన కందకం తవ్వి వేళ్ళు నరికినవాళ్ళు ఒకరు, ఇంకో పక్కన మొదలు దాకా సిమెంటు పోసినవాళ్ళు ఒకరు, తీగలకు తగులుతున్నాయని రోడ్డు వైపు కొమ్మలన్నీ కొట్టేసి బరువు ఒక్క దిక్కుకే వదిలినవాళ్ళు ఇంకొకరు. రోడ్డు తవ్వే అనుమతి ఫైలు ఉద్యాన విభాగం బల్ల మీదుగా వెళ్ళాలన్న ఒక్క నియమం గట్టిగా అమలైతే చాలా చెట్లు నిలబడతాయి. ఫైలు ఇంకో నాలుగు రోజులు ఆలస్యమవుతుందని ఇంజనీర్లు అంటారు. అననివ్వండి.

డబ్బు దగ్గరా నాటడమే పండగ, సాకడం కాదు. కొత్త పార్కు కట్టడానికి నిధులు దొరుకుతాయి; కట్టిన పార్కుకు నీళ్ళు పోయడానికి దొరకవు. మొదటిది మూలధన వ్యయం, ప్రారంభోత్సవం ఉంటుంది. రెండోది నిర్వహణ పద్దు, ప్రతి మార్చిలో అందరికంటే ముందు కోత పడేది దానికే. అందుకే డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు నీళ్ళ లెక్క చూడమంటాను. మన ఎండల్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు కనీసం 5 మిల్లీమీటర్ల నీరు కావాలి. చదరపు మీటరుకు 5 లీటర్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. రోజుకు 20,000 లీటర్ల పైచిలుకు. అంటే ఒక ఎకరం లాన్ ప్రతిరోజూ 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు తాగుతుంది. పక్క బస్తీలో ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకరు కోసం వరస కట్టిన మే నెలలో ఆ నాలుగు ట్యాంకర్లను సమర్థించుకోవడం నావల్ల కాలేదు. శుద్ధి చేసిన మురుగునీరు గొట్టంలో వచ్చేచోట తప్ప లాన్ జోలికి పోకపోవడమే మేలు. చెట్ల నీడ, కింద మట్టి నేల, నాలుగు బల్లలు చాలు. మన ఎండకు మనిషి పార్కుకు వచ్చేది నీడ కోసం.

అసలు నీడ కావాల్సిన వేళకు మన పార్కులకు తాళం ఉంటుంది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది, ఇదీ చాలాచోట్ల వేళలు. ఈ వేళలు ఎవరికి అనుకూలం? బీపీ, షుగరు ఉండి నడకకు వచ్చే మనలాంటివాళ్ళకు. మిట్టమధ్యాహ్నం రెండిళ్ళ పనుల నడుమ గంట విరామం దొరికే పనిమనిషి, సరుకు పంపిణీ కుర్రాడు, అడ్డా మీద ఆరోజు పని దొరకని కూలీ, వీళ్ళకు గేటు మూసి ఉంటుంది. 2021లో ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. జనం నిలదీస్తే తీసేశారు. ఆ బ్యానరు పోయింది కానీ అలాంటి బుద్ధి వెయ్యి చిన్న బోర్డుల రూపంలో ప్రతి పార్కులో ఉంది: ఆడరాదు, పడుకోరాదు, తినరాదు, బంతి తేరాదు. పిల్లలు బంతి తేకూడని పార్కును ఖాళీ జాగా అని ఎవరైనా అంటే మనం ఏ మొహంతో అడ్డుకుంటాం? జనం వాడుకునే పార్కును కబ్జా చేయడం కష్టం. ముప్పొద్దులా మనుషులు ఉన్నచోట పసుపు రాసిన రాయి కూడా రాత్రికి రాత్రి రాదు.

మాలీల గురించి ఇప్పుడు. న్యూయార్క్ ఉదాహరణే మళ్ళీ తీసుకోక తప్పదు. 1970లలో ఆ నగరం దివాలా అంచుకు వెళ్ళినప్పుడు సెంట్రల్ పార్కు పాడుబడింది. 1980లో ఎలిజబెత్ బార్లో రోజర్స్ ఆధ్వర్యంలో కన్సర్వెన్సీ అనే సంస్థ ఏర్పడి దాన్ని మళ్ళీ నిలబెట్టింది. తర్వాత వాళ్ళు చేసిన ఒక ఏర్పాటు నాకు చాలా నచ్చింది: 843 ఎకరాల పార్కును 49 మండలాలుగా విడదీసి ఒక్కో మండలానికి ఒక్కో తోటమాలిని బాధ్యుణ్ణి చేశారు. ఏ చోటు బాగున్నా, బాగోకపోయినా ఎవరిదో తెలుస్తుంది. మన దగ్గర ఏజెన్సీ కింద ఇవాళ ఇక్కడ, రేపు ఇంకో వార్డులో పనిచేసే మాలీకి ఏ చెట్టూ తనది కాదు. జీతం రెండు నెలలు ఆగినా అడగడానికి ఫలానా అధికారి అని ఉండడు. మాలీలను ఒకే పార్కులో కనీసం మూడేళ్ళు ఉంచండి, గేటు బోర్డు మీద కార్పొరేటరు పేరుతోపాటు వాళ్ళ పేరూ రాయించండి. కన్సర్వెన్సీ పద్ధతిలో ఒక లోపమూ ఉంది, దాచను. చుట్టూ ధనవంతులున్న పార్కుకు చందాలు వస్తాయి, పేదపేటలో పార్కుకు రావు. మన కంపెనీల దత్తత పథకాలూ అంతే; బంజారాహిల్స్‌లో పార్కును దత్తత తీసుకోవడానికి క్యూ, పాతబస్తీ గల్లీలో ఉన్న చిన్న జాగాకు ఎవరూ రారు. దత్తత డబ్బు వచ్చిన పార్కు నుంచి మిగిలిన మన నిధిని అక్షరాలా ఆ గల్లీకి తరలించే ధైర్యం శాఖాధిపతికి ఉండాలి.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ స్మారక నిధి మీద వచ్చే వడ్డీతో ఏటా ఉపన్యాసం, శాలువా, భోజనం జరుగుతున్నాయి. శాలువా తగ్గించి, ఏడాదికి ఒక వార్డు చొప్పున పార్కుల రిజిస్టరు అచ్చువేయించండి. ప్రతి పార్కుకూ సర్వే నంబరు, నాలుగు హద్దులు, విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ ఉంటే దాని నంబరు, లేకపోతే లేదన్న సంగతి, బోరు లోతు, పెద్ద చెట్ల జాబితా, మాలీ పేరు. తెలుగులో, ఎవరైనా చదవగలిగేలా. ఒక ప్రతి కార్పొరేషన్‌కు, ఒకటి జిల్లా రిజిస్ట్రారుకు, ఒకటి వార్డు గ్రంథాలయానికి, ఇంకొకటి కాలనీ సంఘానికి. నాలుగు చోట్ల ఉన్న కాగితాన్ని ఏ విలీనమూ మింగలేదు. మొదటి ఏడాది ఏ వార్డు తీసుకోవాలో కమిటీవారు నిర్ణయించాలి. కొలతలకు సర్వేయరు రుసుము ఎంత అవుతుందో కనుక్కుని ఆ కాగితం కార్యదర్శిగారి చేతికి ఇందాకే ఇచ్చాను.